పసికంటి నరానికి కాపుదల



పురిటి బిడ్డను చూడ్డానికి వచ్చిన చుట్టాలు ముందుగా మాట్లాడేది కళ్ళ గురించే. "చారడేసి కళ్ళమ్మా, అచ్చం నాయనమ్మ పోలిక" అని మురిసిపోతారు. దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెట్టమంటారు. ఆ మురిపెం ఎవరికి ఉండదు? కానీ కొద్దిమంది పిల్లల్లో కళ్ళు అంత పెద్దగా కనిపించడానికి కారణం పోలిక కాదు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, ఇంకా గట్టిపడని కనుగుడ్డు సాగిపోతుంది. దాన్ని పుట్టుకతో వచ్చే గ్లాకోమా అంటారు. మన పెద్దలు నీటికాసులు అనే జబ్బు కుటుంబంలోదే ఇది కూడా. నీటికాసులు ముసలితనంలో వచ్చేవని మనకు ఒక అలవాటైన నమ్మకం. తల్లి కడుపులో ఉండగానే మొదలయ్యే రకం ఉందని చాలామందికి తెలియదు. తెలియక పోయే ప్రతి వారమూ ఆ బిడ్డ చూపులో కొంత తీసుకుపోతుంది.

ఈ జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులు కంటి డాక్టర్లను తరచు అడిగే మాట ఒకటుంది. "నరానికి బలం వచ్చే మందు ఏదైనా రాయండి సార్" అని. ఈ పూట నేను ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలనుకుంటున్నాను. కంటి నరం చచ్చిపోకుండా కాపాడే మందు ఉందా? పెద్దవాళ్ళ మీద ప్రయత్నించిన మందులు పసిపిల్లలకు పనికొస్తాయా? ఇవాళ చేతిలో ఉన్న వైద్యంతో ఆ నరాన్ని ఎంతవరకు నిలుపుకోగలం?

ముందు జబ్బును గుర్తుపట్టడం చెబుతాను. బిడ్డ కంటి వెంట ఊరికే నీళ్ళు కారుతుంటాయి. వెలుతురులోకి తీసుకెళ్తే కళ్ళు గట్టిగా మూసుకుని తల్లి భుజంలో మొహం దాచుకుంటుంది. ఎండలోనే కాదు, ట్యూబులైటు వేసినా రెప్పలు బిగిస్తుంది. నల్లగుడ్డు పెద్దదవుతూ, మెరుపు తగ్గి, నీలం కలిసిన బూడిద రంగులో మసకబారుతుంది. ఒక కన్ను పెద్దగా, రెండోది చిన్నగా ఉంటే ఇంట్లోవాళ్ళే పట్టేస్తారు. రెండూ సమానంగా పెరిగితేనే చిక్కు, అందరూ అందమనుకుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డ నల్లగుడ్డు అడ్డంగా కొలిస్తే సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ఏడాది నిండకముందే అది 12 మిల్లీమీటర్లు దాటిందంటే గ్లాకోమా కాదని తేలేవరకు గ్లాకోమాగానే చూడాలి.

నీళ్ళు కారే కళ్ళన్నీ ఈ జబ్బే అని భయపడక్కర్లేదు. చంటిపిల్లల్లో చాలామందికి కంటి నుంచి ముక్కులోకి పోయే కన్నీటి దారి మూసుకుని నీళ్ళు కారతాయి. వాళ్ళకి పుసులు కడతాయి, రెప్పలు అంటుకుంటాయి, కానీ వెలుతురంటే భయం ఉండదు, నల్లగుడ్డు నిగనిగలాడుతూనే ఉంటుంది. నీళ్ళతో పాటు వెలుతురు ఓర్చుకోలేకపోవడం కనిపించిందంటే మాత్రం ఆముదం చుక్క, తల్లిపాలు, కాటుక, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల మందు, ఇవేవీ వద్దు. "ఎదిగేకొద్దీ పోతుందిలే" అన్న మాట అసలే వద్దు. ఆ వారంలోనే పిల్లల కళ్ళు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇప్పుడు లోపల జరిగేది చెబుతాను. కంటి ముందుభాగంలో ఎప్పుడూ ఒక పలచని ద్రవం ఊరుతూ ఉంటుంది. ఊరిన ద్రవం ఊరినట్టే నల్లగుడ్డు అంచున ఉన్న సన్నటి మెత్తని వల గుండా బయటికి పోతుంది. ఈ పిల్లల్లో ఆ వల గర్భంలో ఉండగా సరిగ్గా తయారవదు. చెరువులోకి వాగు వస్తూనే ఉండి తూము మాత్రం మూసుకుపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. పెద్దవాళ్ళ కంటిపొర గట్టిది కాబట్టి సాగదు. సుమారు మూడేళ్ళ వయసు దాకా పిల్లల కంటిపొర మెత్తగా ఉంటుంది, అందుకే గుడ్డు మొత్తం సాగుతుంది. నల్లగుడ్డు లోపలి పొర చిట్లి గీతలు పడతాయి, నీరు పట్టి మసకేస్తుంది. బయటికి కనిపించేది ఇంతే. కనిపించని నష్టం కంటి వెనక జరుగుతుంది.

కంటి వెనక గోడ, అంటే రెటీనా నుంచి మెదడుకు పోయే నరంలో సుమారు పది నుంచి పన్నెండు లక్షల పోగులుంటాయి. ఒక్కో పోగు రెటీనాలోని ఒక్కో కణానికి తోక. అవన్నీ కలిసి కన్ను దాటేచోట సన్నటి రంధ్రాలున్న ఒక పొర గుండా దూరి వెళ్ళాలి. ఒత్తిడి పెరిగినప్పుడు ఆ పొర వెనక్కి వంగుతుంది, రంధ్రాలు మెలితిరుగుతాయి, పోగులు నలుగుతాయి. మెదడు వైపు నుంచి కణానికి అందాల్సిన పోషక ప్రోటీన్లు ఆ నొక్కుడు దగ్గర ఆగిపోతాయి. కణంలో శక్తిని తయారుచేసే భాగాలు నీరసిస్తాయి. చివరికి ఆ కణం తనను తానే ముగించుకునే పద్ధతి మొదలుపెడుతుంది. అలా పోయిన కణం మళ్ళీ పుట్టదు. మనిషి కంటి నరాన్ని తిరిగి మొలిపించే వైద్యం ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు.

కణం చచ్చే తీరు ఇంత వివరంగా తెలిసినప్పుడు మధ్యలో ఎక్కడో అడ్డుపడి ఆపలేమా అని శాస్త్రవేత్తలకు ఆలోచన రావడం సహజం. ఒత్తిడితో సంబంధం లేకుండా నేరుగా నరకణాన్నే బతికించడం, అదే నరరక్షణ చికిత్స. ఈ ఆలోచన వెనక ముప్పై ఏళ్ళకు పైబడిన శ్రమ ఉంది. ఆ శ్రమను నేను గౌరవిస్తాను. దాని ఫలితాలు ఎంతవరకు వచ్చాయో తల్లిదండ్రులకు ఉన్నదున్నట్టు చెప్పాలి కూడా.

దెబ్బతిన్న నరకణాల చుట్టూ గ్లుటమేట్ అనే రసాయనం మోతాదు మించి చేరి పక్క కణాలను కూడా చంపుతుందని ఒక సిద్ధాంతం. దానికి అడ్డుకట్ట వేసే మెమాంటిన్ అనే మందు మతిమరుపు జబ్బుకు ముందునుంచీ వాడుకలో ఉంది. దాన్ని గ్లాకోమా ఉన్న పెద్దవాళ్ళు 2,298 మంది మీద, రెండు పెద్ద పరీక్షల్లో, నాలుగేళ్ళ పాటు చూశారు. ఫలితాలు 2018లో ప్రచురించారు. నరం దెబ్బతినడాన్ని ఆ మందు ఆపలేకపోయింది. జంతువుల్లో అంత ఆశ చూపించిన మందు మనుషుల దగ్గర తేలిపోయింది. పసిపిల్లల విషయంలో ఇంకో సంగతి ఉంది. ఎదుగుతున్న మెదడుకు గ్లుటమేట్ సంకేతాలు విషం కావు, అవసరం. పిల్ల ఎలుకల్లో ఆ సంకేతాలను అడ్డుకుంటే మెదడు కణాలు పెద్ద సంఖ్యలో చనిపోయాయని 1999లోనే ఒక ప్రసిద్ధ పరిశోధన చూపించింది. పెద్దవాళ్ళ మెదడుకు రక్షణ అనుకున్నది పసిమెదడుకు హాని కావచ్చు.

రెండో మందు బ్రిమోనిడిన్. శ్రోతలందరూ, ముఖ్యంగా ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్ళు, ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. ఇది ఒత్తిడి తగ్గించే చుక్కల మందు. దానికి తోడు నరాన్ని కూడా కొంత కాపాడుతుందేమోనని పెద్దవాళ్ళలో ఆశ కలిగించింది. మామూలు ఒత్తిడితోనే నరం దెబ్బతినే రకం రోగుల్లో టిమొలాల్ అనే మరో చుక్కల మందు వాడినవాళ్ళకంటే బ్రిమోనిడిన్ వాడినవాళ్ళకు చూపు తక్కువ తగ్గిందని 2011లో ఒక పరీక్ష చెప్పింది. అయితే మందు పడక మధ్యలో మానేసినవాళ్ళు చాలామంది ఉండడంతో ఆ ఫలితం మీద చర్చ ఇప్పటికీ తెగలేదు. పెద్దవాళ్ళ సంగతి అది. రెండేళ్ళలోపు పిల్లలకు మాత్రం బ్రిమోనిడిన్ వేయకూడదు. కంట్లో వేసిన చుక్క రక్తంలో కలిసి, పసిపిల్లల్లో మెదడులోకి చేరుతుంది. బిడ్డ మగతలోకి జారిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి ఆగే ప్రమాదం కూడా ఉంది. రెండు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో వాడి చూసినప్పుడు కూడా కనీసం సగం మందికి మగత కమ్మింది.

తాతగారికో అమ్మమ్మకో నీటికాసులుంటే వాళ్ళ చుక్కల సీసా ఇంట్లోనే ఉంటుంది. "ఇదీ గ్లాకోమా మందే కదా, ఊరికి వెళ్ళేదాకా ఒక చుక్క వేద్దాం" అని చంటిబిడ్డకు ఎప్పుడూ వేయకండి. ఒకే సీసాలో రెండు మందులు కలిపి వచ్చేవాటిలో కూడా బ్రిమోనిడిన్ ఉంటుంది, సీసా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. టిమొలాల్ కూడా పసిపిల్లల్లో ఊపిరికి, గుండెకు ఇబ్బంది తేగలదు. డాక్టరు చెప్పిన మోతాదులో, చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను కాసేపు వేలితో నొక్కి ఉంచి వాడాలి. అలా నొక్కితే మందు ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి దిగడం తగ్గుతుంది.

ఇక మిగతా మందులు. సిటికోలిన్ అనే మందును నరకణాల పొరలకు పోషకంగా ఇస్తారు. పెద్దవాళ్ళ గ్లాకోమాలో చిన్న పరీక్షలు కొంత మేలు చూపించాయి. మన దేశంలో సోమరి కన్ను, అంటే మెదడు పట్టించుకోని కన్ను ఉన్న పిల్లలకు కంటిపట్టీతో పాటు ఇచ్చి చూశారు. పుట్టుకతో వచ్చే గ్లాకోమాలో నరాన్ని నిలబెడుతుందని చెప్పగల రుజువు లేదు. బి3 విటమిన్ రూపమైన నికోటినమైడ్ మీద 2017లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాల నుంచి ఎలుకల్లో అద్భుతమైన ఫలితాలు వచ్చాయి. వయసుతో తగ్గిపోయే కణశక్తిని అది తిరిగి ఇస్తోందని తేలింది. ఆ తర్వాత పెద్దవాళ్ళలో చిన్న పరీక్షలు ఆశాజనకంగా కనిపించాయి, పెద్ద పరీక్షలు మొదలయ్యాయి. నాకు అన్నిటికంటే ఆశ కలిగించే దారి ఇదే. కానీ అక్కడ ఇచ్చే మోతాదు మామూలు విటమిన్ బిళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాలేయం మీద కన్నేసి ఉంచాల్సినంత. దాన్ని చూసి చంటిపిల్లలకు సొంతంగా విటమిన్లు పోయడం తగదు. రష్యాలో పశువుల రెటీనా నుంచి, మెదడు నుంచి తీసిన పెప్టైడ్ ఇంజెక్షన్లు నరరక్షణ పేరుతో చాలాకాలంగా వాడుతున్నారు. వాటి వెనక పెద్ద, నిష్పక్షపాతమైన పరీక్షలు కనిపించవు.

పిల్లల మీద పరీక్షలు ఎందుకు జరగలేదని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. నరరక్షణ మందు పనిచేసిందని తేల్చాలంటే ఏళ్ళ తరబడి చూపు వైశాల్యాన్ని కొలవాలి. అంటే మిషను ముందు కదలకుండా కూర్చుని, మిణుకుమన్న ప్రతి వెలుగుకూ మీట నొక్కాలి. ఆర్నెల్ల బిడ్డ ఎలా నొక్కుతుంది? పైగా ఈ జబ్బున్న పిల్లలు ఏ ఒక్క ఆస్పత్రిలోనూ వేలల్లో ఉండరు. నరం పొర మందాన్ని కాంతితో కొలిచే చేతిపట్టు యంత్రాలు వచ్చాయి కాబట్టి ముందు ముందు ఈ దారి తెరుచుకోవచ్చు. అందాకా ఒక సీసా మీద "నరాలకు" అని రాసి ఉన్నంత మాత్రాన దానిమీద బిడ్డ చూపును పందెం కాయలేం.

మరి ఆ నరాన్ని కాపాడేది ఏది? ఆపరేషన్. ఈ జబ్బులో చుక్కల మందులు ఆపరేషన్ దాకా కాపలా కాయడానికి, ఆ తర్వాత అవసరమైతే సాయం చేయడానికే. కేవలం మందులతో నెలలు గడపడం అంటే నరాన్ని ఒత్తిడికి వదిలేయడమే. 1930ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓటో బార్కన్ అనే వైద్యుడు సన్నటి కత్తితో లోపలి నుంచి ఆ మూసుకున్న వలను కోసి దారి తెరవడం మొదలుపెట్టేదాకా ఈ పిల్లల్లో ఎక్కువమంది గుడ్డివాళ్ళయ్యేవారు. గోనియాటమీ అనే ఆ ఆపరేషన్‌కు నల్లగుడ్డు తేటగా ఉండాలి. మన దేశంలో ఆస్పత్రికి వచ్చే పిల్లల్లో చాలామంది ఆలస్యంగా, నల్లగుడ్డు మసకేశాక వస్తారు. అలాంటి కళ్ళకు బయటి నుంచే వలను తెరవడం, పక్కన కొత్త దారి ఏర్పరచడం, రెండూ ఒకే ఆపరేషన్‌లో చేసే పద్ధతిని హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ పెద్ద ఎత్తున చేసి, ఫలితాలు ప్రపంచానికి చూపించారు. నెల నిండని పసికందులకు కూడా చేశారు. ఆయనకు 2003లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. తెలుగు నేల మీద జరిగిన ఈ పని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఉండాల్సింది అనిపిస్తుంది నాకు.

"ఇంత పసిదానికి మత్తు ఇస్తారా?" అని నాయనమ్మలు గుండె పట్టుకుంటారు. కాస్త పెద్దయ్యాక చూద్దామంటారు. భయం అర్థం చేసుకోదగిందే. పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న డాక్టరు, సదుపాయం ఉన్న ఆస్పత్రి చూసుకోవాలి, ఆ జాగ్రత్త అవసరం. కానీ ఏడాది ఆగడం వల్ల కలిగే నష్టానికి మందు లేదు. త్వరగా చేస్తే దక్కేది ఇంకొకటుంది. పెద్దవాళ్ళ గ్లాకోమాలో కంటి నరం మధ్యలో పడిన గుంట అలాగే ఉండిపోతుంది. పసిపిల్లల్లో కణజాలం సాగే గుణంతో ఉంటుంది కాబట్టి, ఒత్తిడి తొందరగా దిగితే ఆ గుంట మళ్ళీ పూడుకోవడం డాక్టర్లు కళ్ళారా చూస్తారు. చచ్చిన పోగులు లేచి రావు, నిజమే. నలిగిపోతూ ఇంకా బతికి ఉన్నవి మాత్రం దక్కుతాయి. ఇవాళ పసికంటికి రుజువైన నరరక్షణ ఇదే.

ఆపరేషన్ బాగా జరిగింది, ఒత్తిడి దిగింది, ఇక ఇంటికి వెళ్ళిపోదామనుకుంటారు చాలామంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. సాగిన కంటికి దూరపు చూపు తగ్గుతుంది, మైనస్ అద్దాలు పడతాయి. నల్లగుడ్డు మీద గీతల వల్ల చూసేవి వంకరగా, మసకగా కనిపిస్తాయి. రెండు కళ్ళలో ఒకటి బలహీనంగా ఉంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నరం నిక్షేపంగా ఉన్నా, మెదడు ఆ కంటితో చూడడం నేర్చుకోకపోతే ఆ చూపు దక్కదు. ఆ నేర్చుకునే కాలం పుట్టిన దగ్గర్నుంచి మొదటి ఏడెనిమిదేళ్ళే. అందుకే ఆరు నెలల పిల్లకైనా అద్దాలు పెట్టాలి, బలమైన కంటికి రోజూ చెప్పినన్ని గంటలు పట్టీ వేయాలి. "ఆడపిల్లకి ఇప్పట్నుంచే కళ్ళద్దాలా" అనే మాట ఇళ్ళలో ఇంకా వినిపిస్తోంది. ఆ మాట అన్నవాళ్ళు ఎంత ప్రేమతో అన్నా, దానివల్ల పోయేది ఆ పిల్ల చూపే.

పరీక్షలు జీవితాంతం ఉంటాయి. చిన్నప్పుడు మత్తు ఇచ్చి ఒత్తిడి, నల్లగుడ్డు కొలత, నరం గుంట చూస్తారు. మాట వినే వయసొచ్చాక మేలుకుని ఉండగానే చూస్తారు. బాగానే ఉందనుకున్న కంట్లో పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఒత్తిడి మళ్ళీ పెరగొచ్చు, నొప్పి ఏమీ ఉండదు. ప్రతిసారీ ఆ కొలతలు ఒక పుస్తకంలో రాయించుకోండి. ఊరు మారినా డాక్టరు మారినా ఆ పుస్తకమే సాక్ష్యం. 2018లో తెలంగాణలో, ఆ మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మొదలుపెట్టిన కంటివెలుగు శిబిరాలు ఎంతోమందికి అద్దాలిచ్చాయి, మంచి పని. ఈ జబ్బు మాత్రం బడి వయసు దాకా ఆగదు. దీన్ని పట్టుకోవాల్సింది పురిటి ఆస్పత్రిలో, టీకాలు వేసేచోట, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు. టీకాలకు తెచ్చిన ప్రతి బిడ్డ కళ్ళను వెలుతురులో ఒక్కసారి చూడడం నేర్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మన ప్రభుత్వాలు ఈ పని చేయాలని గట్టిగా కోరుతున్నాను.

చివరగా మేనరికాల సంగతి చెప్పక తప్పదు. 1990లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన కంటి జబ్బుల అధ్యయనం, సుమారు 3,300 జననాలకు ఒక బిడ్డకు ఈ జబ్బు ఉంటుందని అంచనా వేసింది. పాశ్చాత్య దేశాల్లో 10,000కు ఒకరని చెబుతారు. సౌదీ అరేబియాలో 2,500కు ఒకరు, స్లొవేకియాలోని రోమా అనే సమాజంలో 1,250కి ఒకరు. మనతో సహా ఈ మూడు చోట్లా సొంతవాళ్ళ మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువ. 1997లో ఈ జబ్బుకు ఒక ప్రధాన కారణమైన సి.వై.పి.1బి1 అనే జన్యువును కనుగొన్నారు. దానివల్ల జబ్బు వచ్చే ఇళ్ళల్లో తల్లిదండ్రులిద్దరూ ఒక్కో లోపమున్న ప్రతిని మోస్తారు, వాళ్ళ కళ్ళు బాగానే ఉంటాయి. బిడ్డకు రెండు ప్రతులూ చేరినప్పుడు జబ్బు వస్తుంది; సొంతవాళ్ళ మధ్య పెళ్ళిళ్ళలో అలా చేరే అవకాశం ఎక్కువ. అంటే ఇది తల్లి ఒక్కదాని వల్ల వచ్చేది కాదు. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, ఏదో తినకూడనిది తిన్నదనో బాలింతను నిందించే ఇళ్ళకు ఇది గట్టిగా వినిపించాలి.

మొదటి బిడ్డకు ఈ రకంగా జబ్బు వచ్చిన దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఆ విషయం జన్యు సలహా ఇచ్చే డాక్టరుతో ముందే మాట్లాడుకోవచ్చు. రెండో బిడ్డ పుట్టగానే, కళ్ళు ఎంత చక్కగా కనిపించినా సరే, మొదటి వారంలోనే పరీక్ష చేయించండి. నెలకోసారి కొన్నాళ్ళు చూపిస్తూ ఉండండి. ఇంట్లో అన్నకో అక్కకో ఈ జబ్బు ఉందని ఆ డాక్టరుకు ముందే చెప్పండి. అన్నట్టు, కళ్ళు దురద పెడితే మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు ఈ పిల్లలకే కాదు, ఏ పిల్లలకీ డాక్టరు చెప్పకుండా వేయకండి. అవి కంటి ఒత్తిడిని పెంచగలవు.